పుకారు, నేరము, గ్రామము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



నేరము, న్యాయము, శిక్ష అను మాటలు వినగానే సామాన్యునకు స్ఫురించునవి పోలీసుఠాణా, కచేరి, జైలు. నేరము జరిగిన పిమ్మట చేయవలసిన పనులను ఈ మూడును చూచుకొనును. నేరము జరుగక మునుపే దానిని నివారించుట యెట్లు, ఆ పని యెవరిది, అను ప్రశ్నలను విచారించు శాస్త్రమునకు నేరశాస్త్రమని పేరు. అది సాంఘికశాస్త్రములలో నొకటి. నేరము ఏ నేలలో మొలచును, ఏ నీరు త్రాగి పెరుగును అని పరిశీలించుట దాని పని. ఈ విచారణకు ఉదాహరణము కొరకు దూరదేశములకు పోనక్కరలేదు. 2018వ సంవత్సరమున గద్వాల, వనపర్తి ప్రాంతముల పల్లెలలో జరిగిన యొక సంగతి యిందుకు చాలును. పలువురు దానిని అప్పుడే పత్రికలలో చదివి యుందురు. అయినను దాని లోతు తగినంతగా విచారింపబడలేదు.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో గాని, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో గాని వేసవి రాత్రు లెట్లుండునో ఇచ్చటివారికి చెప్పనక్కరలేదు. ప్రొద్దు గుంకగానే వాకిట నీళ్లు చల్లుదురు. ఇంటింటి ముందర మంచములు వాలును. ముసలివారు అరుగుల మీద కూర్చుండి కష్టసుఖములు చెప్పుకొనుచుందురు. పిల్లలు చుక్కలు లెక్కించుచు నిద్రపోవుదురు. ఆ యేటి వేసవిలో కొన్ని పల్లెలలో ఈ యాచారము తప్పినది. చీకటి పడినంతనే జనులు ఇండ్లలో చేరి గడియలు వేసికొనసాగిరి. ఉక్కపోతకు చెమటలు కారుచున్నను ఆరుబయట పరుండువారు లేకపోయిరి.

ఈ మార్పును మొదట కనిపెట్టినవారు గ్రామములకు పోయివచ్చుచుండిన కానిస్టేబుళ్లు. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటుగా నుండి, వనపర్తి జిల్లా బాధ్యతను గూడ వహించుచుండిన రెమా రాజేశ్వరి ప్రతి గ్రామమునకు ఒక పోలీసు ఉద్యోగిని నియమించి యుండిరి. అతడు ఆ యూరికి తరచుగా పోవలెను. జనులతో కూర్చుండి మాటలాడవలెను. వారి యిబ్బందులు తెలిసికొనవలెను. కేసు ఉన్నప్పుడే పోవుట గాక, కేసు లేనప్పుడును పోవుట ఈ పద్ధతిలోని విశేషము. అట్లు పోవుచుండినందుననే, వాకిళ్లలో మంచములు లేకపోవుట ఆ ఉద్యోగుల కంటబడినది. ఫిర్యాదు వ్రాసి యిచ్చినవా రెవరును లేరు. భయమునకు ఫిర్యాదు ఎవరు వ్రాయుదురు?

కారణము విచారింపగా చేతిఫోనులు బయటపడినవి. పిల్లల నెత్తుకొనిపోవు ముఠా యొకటి తిరుగుచున్నదనియు, అడ్డు వచ్చినవారిని చంపి శరీరభాగములు కోసికొనిపోవుచున్నదనియు చెప్పు బొమ్మలు, మాటలు వాట్సాపు ద్వారా ఇంటింటికి ప్రాకినవి. ఎక్కడనో, ఎప్పుడో జరిగిన ఘోరముల దృశ్యములకు ఈ ప్రాంతపు పేర్లు తగిలించి పంపుచుండిరి. అట్టి ముఠా యేదియు లేదని పోలీసుల విచారణలో తేలినది. కాని లేని ముఠా వలన కలిగిన భయము మాత్రము ఉన్నది. భయమునుండి కఱ్ఱ పుట్టును. కఱ్ఱ చేతికి వచ్చిన పిమ్మట ఎదుటివాని మాట చెవి కెక్కదు.

ఆ సంవత్సరమున దేశమున జరిగినది చూచినచో ఆ భయము ఎంతవరకు పోగలదో బోధపడును. మే నెలలో హైదరాబాదు నగరమున, చాంద్రాయణగుట్ట ప్రాంతమున, భిక్షకై వచ్చిన యొక ట్రాన్స్‌జెండరు వ్యక్తిని పిల్లల దొంగయని అనుమానించి గుంపు కొట్టి చంపెను. జూలై 1వ తేదీన మహారాష్ట్రమున ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామమున ఐదుగురు మనుష్యులు హతులైరి. వారు భిక్షాటనముతో జీవించు నాథపంథీ డవరి గోసావీలను సంచారజాతివారు. వారిని గ్రామపంచాయతీ కార్యాలయపు గదిలోనికి ఈడ్చుకొనిపోయి అక్కడనే కొట్టి చంపిరి. న్యాయము జరుగవలసిన చావడియే వధ్యశాల యైనది. అదే జూలై 13వ తేదీన కర్ణాటకమున బీదరు జిల్లా ముర్కీ గ్రామమువద్ద హైదరాబాదునుండి పోయిన యొక యువకుడు హతుడయ్యెను. అతని బృందమువారు బడిపిల్లలకు చాక్లెట్లు పంచియుండిరి. ఆ మాట ముందుగానే ఫోనులలో పోయి, పైయూరిలో దారి కడ్డముగా జనము నిలిచెను. రక్షింపబోయిన పోలీసులకును దెబ్బలు తగిలినవి.

ఈ హత్యలు చేసినవారు ఆనాటి వరకు హంతకులు కారు. సంతకు పోవువారు, పొలము దున్నువారు, బిడ్డలు గలవారు. బిడ్డలను కాపాడుకొనుచున్నామనియే వారనుకొనిరి. అత్యాశ వలననో, పగ వలననో జరుగు నేరములను లోకము ఎరుగును. వాత్సల్యమునుండి పుట్టిన నేరమును గుర్తుపట్టుట కష్టము. అందుచేతనే దానిని నివారించుటయు కష్టము. బిడ్డను ప్రేమింపవలదని యెవరు చెప్పగలరు?

గద్వాల, వనపర్తి ప్రాంతములలో పోలీసులు దీని నెట్లు ఎదుర్కొనిరి? కానిస్టేబుళ్లకు శిక్షణ నిచ్చి దాదాపు 400 గ్రామములకు పంపిరి. వారు రచ్చకట్టల వద్ద కూర్చుండి, ఆ దృశ్యములు అబద్ధము లెట్లయినవో ఒక్కొక్కటిగా వివరించిరి. డప్పు వేయించి చాటించిరి. కళాబృందములచేత పాటలు పాడించిరి. గ్రామపు వాట్సాపు గుంపులలో పోలీసువారిని గూడ చేర్చుకొనుమని పెద్దలను కోరిరి. క్రొత్తవాడు కనిపించినచో చేయి చేసికొనక కబురు చేయుడని చెప్పిరి. అబద్ధము ఏ దారిని వచ్చెనో ఆ దారినే నిజమును పంపిరి. అంతటితో ఊరకుండక, ఆ దారి చేరని యింటికి డప్పును పంపిరి. ఆ రెండు జిల్లాలలో ఈ వదంతి మూలమున ఒక్క ప్రాణమైనను పోలేదు.

ఈ పద్ధతిలోని బలము తెలియవలెనన్నచో వదంతి యనునది ఎట్లు పుట్టి పెరుగునో విచారింపవలెను. తెలుగువారి కిది క్రొత్త సంగతి కాదు. ఒకడు నల్లగా వాంతి చేసికొనెనట. ఇరుగుపొరుగులు చెప్పుకొనగా అది కాకి రంగున నున్నదని యయ్యెను. వీధి దాటునప్పటికి కాకిని కక్కెనని యయ్యెను. ఊరు దాటునప్పటికి నూరు కాకులను కక్కెను. అవి యెగిరిపోయినవి గూడ. ఈ కథ అవ్వలు చెప్పి మనుమలను నవ్వించుట కలదు. దీనినే శాస్త్రజ్ఞులు ప్రయోగమున పరీక్షించిరి.

1947లో అమెరికాలో గోర్డన్ ఆల్పోర్టు, లియో పోస్ట్‌మన్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞులు వదంతులను గూర్చి యొక గ్రంథమును ప్రకటించిరి. వారు ఒకనికి ఒక బొమ్మను చూపి, దానిని చూడని రెండవవానికి వర్ణింపుమనిరి. రెండవవాడు విన్నది మూడవవానికి చెప్పవలెను, మూడవవాడు నాలవవానికి. ఐదారు నోళ్లు మారునప్పటికి వివరములలో నూటికి సుమారు 70 వంతులు జారిపోయినవి. మిగిలినవి మునుపటికంటె పదునెక్కినవి. అంతకంటె విచిత్రమైన సంగతి మరొకటి కలదు. ఒక బొమ్మలో రైలుబండి యందు తెల్లవాడొకడు, నల్లవాడొకడు నిలిచి యుండిరి. మంగలికత్తి తెల్లవాని చేతిలో నుండెను. చెప్పగా చెప్పగా ఆ కత్తి పెక్కుసారులు నల్లవాని చేతిలోనికి మారిపోయెను. ఎవడును కావలెనని అబద్ధమాడలేదు. కత్తి యెవని చేతిలో నుండవలెనని వారి సంఘము ముందే అనుకొనియున్నదో, వారి జ్ఞాపకము ఆ చేతిలోనే దానిని పెట్టెను.

ఆ యిద్దరును ఒక సూత్రమును గూడ చెప్పిరి. విషయము ఎంత ముఖ్యమో, ఎంత అస్పష్టమో, ఆ రెంటిని గుణించిన ఫలమే వదంతి బలము. గుణకారమగుటచేత ఈ రెంటిలో ఏ యొకటి సున్నయైనను వదంతి సున్నయగును. బిడ్డ సంగతి తల్లికి ముఖ్యము కాకుండ చేయుట ఎవరి తరమును గాదు. అస్పష్టతను మాత్రము తగ్గింపవచ్చును. ఎవడు చూచెను, ఎప్పుడు, ఏ యూరిలో, తప్పిపోయిన బిడ్డ పేరేమి, అను ప్రశ్నలకు సమాధానము రాబట్టినకొలది అస్పష్టత తగ్గును. గద్వాల రచ్చకట్టల వద్ద పోలీసులు చేసినది ఇదియే. తల్లులను భయపడవద్దని కసరుటతో సరిపుచ్చక, భయమునకు ఆధారమైన చిత్రమును విప్పి చూపిరి.

ఈ విషయమున భారతదేశమునందును ఒక పాత పరిశోధన కలదు. 1934 జనవరి 15వ తేదీన బీహారులో గొప్ప భూకంపము సంభవించెను. పిమ్మట జనులలో వ్యాపించిన వదంతులను జమునాప్రసాద్ అను శాస్త్రజ్ఞుడు సేకరించి 1935లో ప్రకటించెను. భూమి కంపించెను గాని ఇండ్లు కూలని చోట్ల గూడ, ఇంతకంటె గొప్ప యుపద్రవము రానున్నదని జనులు చెప్పుకొనిరి. ఆపద తప్పినవారు ఊరట చెందుటకు మారుగా మరింత భయమును ఏల కోరుకొనిరి? 1957లో లియాన్ ఫెస్టింగరు అను అమెరికా శాస్త్రజ్ఞు డిందుకు సమాధానము చెప్పెను. గుండెలో భయము ముందే యున్నది. కంటికి మాత్రము కారణము కనబడదు. ఆ లోటును పూరించుటకు మనస్సు తగిన కథను వెదకికొనును. కథ భయమును పుట్టించుట యొక యెత్తు. ఉన్న భయము కథను పిలుచుకొనుట మరొక యెత్తు.

చదువురాని పల్లెలందే యిట్లు జరుగునని పట్టణవాసులు అనుకొనుట కలదు. అది సరికాదు. 1969లో ఫ్రాన్సు దేశమున ఓర్లియాను నగరమున, దుస్తుల దుకాణములలో బట్టలు సరిచూచుకొను గదులనుండి యువతులు మాయమగుచున్నారని పుకారు లేచెను. ఆ దుకాణదారులలో పెక్కుమంది యూదులు. ఏ యువతియు తప్పిపోలేదని పోలీసులు చెప్పినను, పోలీసులును లంచము తినిరనిరి. ఎడ్గార్ మోరాన్ అను సాంఘికశాస్త్రజ్ఞుడు దానిని పరిశోధించి గ్రంథము వ్రాసెను. చదువు, సంపద గల నగరమది. కావున అక్షరజ్ఞాన మొక్కటియే మందు కాదు. వాట్సాపును చదువుటకును అక్షరములే కావలెను గదా!

నిప్పు లేనిదే పొగ రాదని సామెత. వదంతుల విషయమున ఈ సామెత చాల కీడు చేసినది. పొగ కనబడగానే నిప్పును వెదకువారు, అది ఓర్లియానులో గాని రైన్‌పాడాలో గాని దొరకనప్పుడు, దొరికిన మనుష్యునే నిప్పు అనుకొనిరి. దొరకు మనుష్యుడు ఎప్పుడును ఒకేవిధమైన వాడై యుండుట గమనింపదగినది: సంచారి, బిచ్చగాడు, వేరు భాషవాడు, వేరు వేషమువాడు. ఇది యాదృచ్ఛికము కాదు. దీని వెనుక ఒక చట్టపు చరిత్ర కలదు.

2018లో తెలుగు జిల్లాలలో వ్యాపించిన పుకార్లలో పలుమారు వినవచ్చిన పేరు పార్ధీ ముఠా. పార్ధీలు వేటతో జీవించిన సంచారజాతివారు. 1871లో ఆంగ్లప్రభుత్వము నేరస్థజాతుల చట్టమును చేసెను. ఒక మనుష్యుడు ఏమి చేసెనని విచారింపక, ఏ తెగలో పుట్టెనని చూచి అతనిని నేరస్థునిగా నిర్ణయించుట ఆ చట్టపు సారాంశము. పార్ధీలలో కొన్ని శాఖలవారు ఆ జాబితాల కెక్కిరి. 1911లో ఆ చట్టము మద్రాసు రాజధానికిని వ్యాపించెను. ఎరుకలవారు మొదలైన తెలుగు తెగలపై దాని బరువు పడెను. నిర్ణీతవేళలలో పోలీసుల యెదుట హాజరు చెప్పుట, అనుమతి లేక ఊరు దాటకుండుట, సెటిల్‌మెంటులలో కాపురముండుట వారికి విధింపబడెను. బాపట్ల ప్రాంతమునందలి స్టూవర్టుపురము అట్లు వెలసిన సెటిల్‌మెంటులలో నొకటి. సాల్వేషన్ ఆర్మీ అను క్రైస్తవసంస్థ దానిని నడపెను. ఉప్పు, ధాన్యము ఎద్దులపైనను గాడిదలపైనను మోసి అమ్ముకొనుచుండిన తెగలకు రైలు వచ్చుటతోడనే బ్రతుకుతెరువు పోయెనని చరిత్రకారులు చూపిరి. బ్రతుకు పోయినవానికి పని చూపుటకు మారుగా నేరస్థుడని పేరు పెట్టిరి.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఈ చట్టమును విచారించుటకు 1949లో నియమింపబడిన సంఘమునకు అధ్యక్షుడు తిరుపతి ప్రాంతమునకు చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. పిమ్మట ఆయన లోకసభకు స్పీకరయ్యెను. ఆ సంఘము నేరము జన్మచేత రాదని తేల్చి, చట్టమును తొలగింపుమని సిఫారసు చేసెను. 1952 ఆగస్టు 31వ తేదీన అది రద్దయ్యెను. నాటినుండి ఆ జాతులకు విముక్తజాతులని పేరు. చట్టపుస్తకమునుండి ఆ మాట తీసివేయుటకు ఒక దినము చాలినది. జనుల మనస్సులనుండి తీసివేయుటకు అరువదియారేండ్లు చాలలేదు. 2018లో చేతిఫోనున వచ్చిన పేరు ఆ చట్టపు జాబితాలలోనిదే. ఆల్పోర్టు బొమ్మలోని కత్తి వలె, నేరము మరల ఆ చేతిలోనికే చేరెను.

పాలమూరు పల్లెలకు సంచారులు కొత్తవారు కారు. గంగిరెద్దులవారు, బుడబుక్కలవారు, పిచ్చుకుంట్లవారు, పూసలవారు, ఎరుకలసానులు ఏటేట వచ్చి, పాటయో, జోస్యమో, సూదియో, దారమో యిచ్చి, గింజలు తీసికొని పోవుచుండిరి. వారికి ఊరిలో ఇల్లు లేకున్నను చోటు ఉండెను. ఏ కాలమున ఎవరు వత్తురో ముసలివారికి తెలియును. నేడు ఆ రాకపోకలు తగ్గినవి. తగ్గినకొలది వచ్చినవాడు మరింత పరాయివా డయ్యెను. ఎరిగిన సంచారి బిచ్చగాడు. ఎరుగని సంచారి దొంగ. మనుష్యుడు మారలేదు, ఎరుక మారినది.

ఎరుగని జనమును ఎరుగుట యెట్లో చూపిన పరిశోధనయొకటి నాగర్‌కర్నూలు సీమలోనే జరిగినది. నల్లమల అడవులలోని చెంచులను గూర్చి బయటివారు అనేక కథలు చెప్పుచుండిరి. 1940లో ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు అమ్రాబాదు పీఠభూమికి పోయి, వారి గుడిసెల చెంతనే నివసించి, వారు తిను గడ్డలను, వారి పెండ్లిండ్లను, వారి తగవులు తీరు విధమును చూచి, 1943లో గ్రంథము ప్రకటించెను. దూరమునుండి భయంకరులుగా తోచినవారు దగ్గరనుండి చూచినచో బిడ్డలను సాకుకొను సాధుజనులు. సాంఘికపరిశోధన యనగా ఇంతియే: పోయి చూచుట, కూర్చుండి వినుట, విన్నదానిని సరిచూచుకొని వ్రాయుట. గ్రామమునకు పోయి కూర్చుండిన కానిస్టేబులు చేసినదియు చిన్నయెత్తున అదియే.

ఇంకొక సంగతి పాలమూరు వారికి మరింత దగ్గరది. ఈ నేలనుండి వలసపోవు కూలీల పేరు దేశమంతట వినబడినది. ఆనకట్టలు, కాలువలు, రహదారులు, మేడలు కట్టుటకు పాలమూరు కూలీలు తరతరములుగా పోయిరి. బొంబాయి, పూనా, బెంగుళూరు ప్రాంతములలో గుడారములు వేసికొని, పిల్లలను చంక నెత్తుకొని తిరిగిన కుటుంబములు ఈ సీమ పల్లెలలో ఎన్ని యున్నవో సభికులే యెరుగుదురు. అక్కడ వారు మాటలాడునది అచ్చటివారికి తెలియని భాష. వారు కట్టినది తెలియని కట్టు. అక్కడి పల్లెలో ఎవడో ఒక పుకారు పుట్టించినచో, చెరువుగట్టున వంట చేసికొనుచున్న పాలమూరు దంపతులే ఆనాటి పరాయివారు. పాలమూరు పల్లెలో పరాయివానిపై లేచిన కఱ్ఱ, ఎక్కడనో పాలమూరు బిడ్డపై లేవనున్న కఱ్ఱకు తోబుట్టువు. ముర్కీ వద్ద హతుడైన యువకుడు తెలంగాణమువాడే యనుట మరువరాదు.

ఇట్లనుటచేత పిల్లల విషయమున జాగ్రత్త వలదని తాత్పర్యము కాదు. పిల్లలకు ఆపద కలదు. అది వచ్చు దిక్కు మాత్రము వేరు. జాతీయ నేర నమోదుల సంస్థ ఏటేట ప్రకటించు వివరములలో, బాలలపై లైంగిక అత్యాచారపు కేసులందు నిందితుడు ఆ బిడ్డకు ఎరిగినవాడై యుండుట నూటికి 90కి మించి కనబడుచున్నది. బంధువు, పొరుగువాడు, స్నేహితుడు, పని చూపెదనన్న వాడు. చేత కఱ్ఱ పట్టుకొని ఊరి పొలిమేరను కాయుచున్నప్పుడు ఇంటిలోపలి దీపము ఆరిపోవుట యనగా ఇదియే. బిడ్డ చెప్పుమాట వినుట, బడి మానిన బిడ్డ ఎందుకు మానెనో విచారించుట, పనికని దళారి తీసికొనిపోవుచున్నచో ఆపుట, 1098 సంఖ్యకు తెలియజేయుట, ఇవి నిజమైన కాపలా.

ఊరివారి రాకపోకలను కనిపెట్టు ఏర్పాటు ఈ సీమలో పూర్వమును ఉండెను. నిజాముకాలమున పోలీసు పటేలు క్రొత్తవాడు ఊరు చొచ్చినచో తెలిసికొనుచుండెను. కాని ఆ యెరుకకు తోడు వెట్టిచాకిరి, దౌర్జన్యము ఉండెను. జనులు అతనికి చెప్పినది నమ్మకముచేత కాదు, జంకుచేత. 1980 తరువాతి దశకమున ఎన్.టి. రామారావు ప్రభుత్వము ఆ పటేలు పట్వారీ ఉద్యోగములను రద్దు చేసినది, ప్రజలు సంతోషించిరి. అయితే ఊరిని ఎరిగినవాడు పోలీసులలో ఒకడుండవలెనన్న యవసరము మాత్రము మిగిలినది. జంకు లేని యెరుక సాధ్యమా అను ప్రశ్నకు, 2018లో గద్వాల, వనపర్తి గ్రామములు కొంతవరకు సాధ్యమని చూపినవి.

కొంతవరకు అనుటకు కారణము కలదు. జరిగిన నేరమునకు సాక్షులుందురు. జరుగని నేరమునకు ఉండరు. ఆ గ్రామములలో ప్రాణహాని జరుగకపోవుట ఆ ప్రయత్నము వలననే యని త్రాసులో తూచి చెప్పుట కష్టము. నేరనివారణకు ఎల్లప్పుడును ఉన్న చిక్కు ఇది. హంతకుని పట్టినవానికి పతకము దొరకును. హత్య జరుగకుండ చేసినవాని పేరు పలుమారు ఎవరికిని తెలియదు. పైగా ఒక అధికారి బదిలీయైనచో పద్ధతియు బదిలీయగు ప్రమాదము కలదు. అందుచేత ఈ పని ఉద్యోగిది గాక ఊరిది కావలెను.

చట్టమును తన పని తాను చేసినది. 2018 జూలై 17వ తేదీన సుప్రీంకోర్టు తహసీన్ పూనావాలా కేసులో తీర్పు చెప్పుచు, గుంపుహత్యలను నివారించుటకు ప్రతి జిల్లాకు సూపరింటెండెంటు హోదాకు తగ్గని అధికారిని నియమింపవలెననియు, కేసులను శీఘ్రముగా విచారింపవలెననియు, బాధితులకు పరిహార మీయవలెననియు ఆదేశించెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 103వ విభాగములో, జాతి, కులము, భాష, పుట్టినచోటు మొదలగు కారణములచేత ఐదుగురుగాని అంతకు మించినవారుగాని కూడి చేసిన హత్యకు మరణశిక్షగాని యావజ్జీవశిక్షగాని విధింపబడినది. గుంపులో చేరి ఒక్క దెబ్బయే కొట్టితినని తప్పించుకొనుటకు వీలులేదు. వాట్సాపు సంస్థయు 2018 జూలైలోనే ఒక సందేశమును ఒకమారు ఐదుచోట్లకు మించి పంపరాకుండ భారతదేశమున కట్టడి చేసినది. అయినను చట్టము రాత్రి పదిగంటలకు పొలిమేర వద్ద నిలిచియుండదు. అక్కడ నిలుచునది గ్రామస్థుడే.

ఆ గ్రామస్థునకు ఉపయోగపడునవి మూడు పనులు. మొదటిది ప్రశ్న: ఎవడు చూచెను, ఎక్కడ, ఎప్పుడు? సమాధానము లేని వార్తను ఇంకొకరికి పంపరాదు. రెండవది పలుకరింపు: క్రొత్తవాడు కనబడినచో మంచినీళ్లిచ్చి, ఏ యూరు, ఏ పని అని అడుగవలెను. దప్పిక తీర్చినవాని చేతికి కఱ్ఱ అంత సులభముగా రాదు. మూడవది కబురు: అనుమానము తీరనిచో 100కో 112కో తెలియజేసి, పోలీసులు వచ్చువరకు ఆ మనుష్యుని ప్రాణమునకు ఊరే పూచీ పడవలెను.

ఈ పనులకు కేంద్రము కాదగినది గ్రంథాలయము. పాతికేండ్లు నిలిచిన గ్రంథాలయము ఊరికి యిచ్చినది కొన్ని వందల గ్రంథములు మాత్రమే కాదు; అచ్చైనదానిని కూడ మరొక పత్రికతో పోల్చి చూచు నలవాటు. ఒకే సంగతిని రెండు పత్రికలలో చదివి, ఏది సరియని బల్లచుట్టు వాదించుకొను పాఠకులు వదంతికి పెద్ద శత్రువులు. పఠనమందిరమున ఒక నల్లబల్లపై, ఊరిలో తిరుగుచున్న పుకారు, దాని నిజము ప్రక్కప్రక్కన వ్రాయుటకు సుద్దముక్క ఖర్చు తప్ప మరేమియు లేదు. సంవత్సరమున కొకమారు సంచారజాతుల పెద్ద నొకనిని సభకు పిలిచి, వారి పాటయు వారి కష్టమును విన్నచో, ఊరికి ఒక పరాయివాడు తగ్గును.

ఈ భావము ఈ సీమలో పుట్టనిది కాదు. 1869లో వనపర్తి సంస్థానమున జన్మించి, 1920 నుండి 1934 వరకు హైదరాబాదు కొత్వాలుగా నుండిన రాజబహదూరు వెంకటరామరెడ్డి, లాఠీని ధరించిన చేతితోనే 1918లో వెలసిన రెడ్డి వసతిగృహమును పోషించెను. ఆ వసతిగృహమునకు కార్యదర్శిగా పనిచేసిన సురవరం ప్రతాపరెడ్డి 1896లో జన్మించినవాడు, అలంపురం ప్రాంతపు ఇటికాలపాడునకు చెందినవాడు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించెను. 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికయ్యెను. రాజుల యుద్ధములను గాక సామాన్యజనుల తిండి, బట్ట, ఆట, ఆచారములను వెదకి ఆయన వ్రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర, సంఘమును ఎరుగుటయే సంఘసేవకు మొదటిమెట్టని తెలిపిన గ్రంథము. ఒకరు పోలీసు, ఒకరు పండితుడు. ఇద్దరును విద్యార్థి చదువు కొరకు ఒక్క కప్పు క్రింద పనిచేసిరి.

నేరనివారణయు, గ్రంథాలయమును వేరువేరు పనులని తోచును. ఎరుగనిదానిని ఎరుగుట యొక్కటియే ఈ రెంటికిని మూలము. ఈ గ్రంథాలయము వాకిట వేసవి రాత్రులందు మంచములు నిర్భయముగా వాలుచుండుగాక. దారిని పోవు సంచారి ఆ వాకిట నిలిచి మంచినీళ్లడుగుటకు జంకకుండుగాక. రాబోవు స్వర్ణోత్సవమునాటికి ఈ యూరు చెప్పుకొనదగిన ఘనత అంతకంటె వేరొకటి యుండదు.